పని నేర్పితే చాలదు, బాధ్యత అప్పగించాలి

మన పేటల్లో తరచుగా కనిపించే విషయం ఒకటుంది. ఇరవై ముప్పై ఏళ్లు పేరు మోసిన దర్జీ దుకాణమో, మెకానిక్ షెడ్డో, హోటలో దాని ఉస్తాద్ కన్నుమూసిన ఏడాది తిరక్కుండానే మూతపడుతుంది. ఆ దుకాణంలో షాగిర్దులు లేక కాదు. ఐదారుగురు ఉన్నారు. కత్తిరించడం, కుట్టడం, ఇంజను విప్పి బిగించడం, దేగ్ దించడం అన్నీ వారికి వచ్చు. మరి దుకాణం ఎందుకు నిలవలేదు? ఉస్తాద్ వారికి చేతిపని నేర్పాడు గాని నిర్ణయం తీసుకోవడం నేర్పలేదు. గల్లాపెట్టె తాళం ఒక్కరోజైనా వారి చేతికివ్వలేదు. సరుకు ఎక్కడ, ఏ ధరకు కొంటాడో చెప్పలేదు. కోపంగా వచ్చిన గిరాకీతో ఎలా మాట్లాడాలో చూపలేదు. ఆయన బతికున్నంత కాలం ప్రతి మాటా ఆయన నోటి నుంచే రావాలి. ఆయన వెళ్లిపోయాక మాట చెప్పేవాడే లేడు.

ఇది దుకాణాల సంగతి మాత్రమే కాదు. ఆఫీసుల్లో, పాఠశాలల్లో, మద్రసాల్లో, మస్జిద్ కమిటీల్లో కూడా ఇదే పరిస్థితి. సమాజంలో నాయకులు లేరని మనం వాపోతుంటాం. నాయకులు ఆకాశం నుంచి ఊడిపడరు. పెద్దలు తమ పక్కన కూర్చోబెట్టుకుని, పని అప్పజెప్పి, తప్పు దిద్ది, ముందుకు నడిపిస్తేనే తయారవుతారు. ఈ తీర్చిదిద్దే పనిని ఇస్లాం ఎలా నేర్పిందో, దైవప్రవక్త (సఅసం) దాన్ని ఎలా చేసి చూపించారో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పనిచేసే చోటే శిక్షణాలయం

ఫిరౌన్ లాంటి నియంత ఎదుట నిలబడి, ఒక జాతి మొత్తాన్ని బానిసత్వం నుంచి విడిపించవలసిన హజ్రత్ మూసా (అలై)కు ఆ బాధ్యత అప్పగించక ముందు అల్లాహ్ ఏం చేయించాడు? ఖసస్ సూరాలో ఆ వృత్తాంతం వివరంగా ఉంది. మద్‌యన్‌లో ఒక వృద్ధుని ఇంట ఆయన జీతానికి కుదిరారు. ఎనిమిదేళ్లు పనిచేయాలన్నది ఒప్పందం. పదేళ్లు పూర్తిచేస్తే అది ఆయన ఔదార్యం. రాజప్రాసాదంలో పెరిగిన మనిషి గొర్రెల వెంట ఎండలో తిరిగాడు. ఆ తర్వాతే ఆయనకు ప్రవక్త పదవి లభించింది.

మన ప్రియ ప్రవక్త (సఅసం) కూడా మక్కావాసుల గొర్రెలను కూలికి మేపారు. గొర్రెలను కాయని ప్రవక్త అంటూ ఎవరూ లేరని ఆయన తెలియజేసిన విషయం బుఖారీ గ్రంథంలో నమోదై ఉంది. మంద వెంట నడిచేవాడు బలమైన గొర్రెను అదుపు చేయాలి, కుంటి గొర్రె కోసం ఆగాలి, తప్పిపోయినదాన్ని వెతకాలి, తోడేలు రాకముందే పసిగట్టాలి. మనుషులను నడిపించడానికి కావలసిన ఓర్పు, జాగ్రత్త, కరుణ ఆ పనిలోనే అలవడ్డాయి. ఆ తర్వాత ఆయన ఉమ్మత్‌కు బోధించినప్పుడు ప్రతి మనిషినీ కాపరితోనే పోల్చారు. ప్రతి కాపరీ తన మంద గురించి జవాబు చెప్పుకోవలసి ఉంటుందని హెచ్చరించారు.

కనుక నాయకత్వం వేదికల మీద పుట్టదు. పనిచేసే చోట పుడుతుంది. నలుగురి చేత పని చేయించే ప్రతి సోదరుడూ, సోదరీ ఒక శిక్షణాలయాన్ని నడుపుతున్నట్టే. అందులో ఏం నేర్పుతున్నామన్నదే ప్రశ్న.

ఎవరికి ఏ బాధ్యత?

మద్‌యన్ వృత్తాంతంలోనే మరో పాఠం ఉంది. హజ్రత్ మూసా (అలై)ను పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చిన కుమార్తె రెండు గుణాలు చెప్పింది. ఒకటి పని చేయగల శక్తి, రెండోది నమ్మకస్తుడు కావడం. శక్తి ఉండి నమ్మకం లేనివాడు దోచుకుంటాడు. నమ్మకం ఉండి శక్తి లేనివాడు పనిని చెడగొడతాడు. అమానతులను వాటికి అర్హులైన వారికే అప్పగించాలని నిసా సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. పదవి కూడా ఒక అమానతే.

ఈ సూత్రాన్ని దైవప్రవక్త (సఅసం) ఎంత ఖచ్చితంగా పాటించారో చూడండి. హజ్రత్ అబూజర్ (రజి) సత్యసంధతలో, నిరాడంబరతలో సహాబాలలోనే పేరెన్నికగన్న వారు. ఆయన ఒకసారి తనకు ఏదైనా అధికార బాధ్యత అప్పగించమని కోరారు. ప్రవక్త (సఅసం) ఆయన భుజం తట్టి, ఈ విషయంలో నీవు బలహీనుడివి, ఇది అమానత్, దాని హక్కు నెరవేర్చని వారికి ప్రళయ దినాన ఇది అవమానంగా, పశ్చాత్తాపంగా మారుతుందని నచ్చజెప్పారు. ప్రేమ తగ్గలేదు, గౌరవం తగ్గలేదు. కాని బాధ్యత మాత్రం ఇవ్వలేదు. మంచివాడైనంత మాత్రాన ప్రతి పనికీ తగినవాడు కాడు. మనవాడు, మా అక్క కొడుకు, మా ఊరివాడు అన్న కారణంతో పదవులు పంచేవారు ఈ హదీసును పదే పదే చదువుకోవాలి.

మరోవైపు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఉన్నారు. ప్రవక్త (సఅసం) మదీనాకు వచ్చేనాటికి ఆయన ఇంకా బాలుడు. ఆ బాలుని చురుకుదనాన్ని గమనించి, యూదుల లిపి నేర్చుకోమని ప్రవక్త (సఅసం) పురమాయించారు. ఆయన సుమారు పదిహేను రోజుల్లోనే నేర్చుకుని, ఉత్తరాలు రాయడం, చదివి వినిపించడం మొదలుపెట్టారు. అలా తయారైన యువకుడికే తరువాత హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖుర్ఆన్‌ను ఒకచోట సంకలనం చేసే మహత్తర బాధ్యత అప్పగించారు. ఎవరిలో ఏ శక్తి ఉందో కనిపెట్టడం శిక్షకుడి మొదటి పని.

అప్పగించేటప్పుడు దారి చూపాలి

హజ్రత్ అలీ (రజి)ని యమన్‌కు న్యాయాధికారిగా పంపినప్పుడు ఆయన వెనుకాడారు. తాను చిన్నవాడినని, తీర్పు చెప్పడం తెలియదని విన్నవించుకున్నారు. ప్రవక్త (సఅసం) ఆయనను తిట్టలేదు. అలాగైతే వద్దులే అని వేరొకరిని పిలవనూ లేదు. అల్లాహ్ నీ హృదయానికి దారి చూపుతాడని ధైర్యం చెప్పారు. వెంటనే పనికి పనికొచ్చే సూత్రం ఒకటి చేతికిచ్చారు. ఇద్దరు తగాదాదారులు ఎదుట కూర్చుంటే, మొదటివాని మాట విన్నట్టే రెండోవాని మాట కూడా వినే వరకు తీర్పు చెప్పవద్దన్నారు. ఆ తరువాత తీర్పు విషయంలో తనకెన్నడూ సందేహం కలగలేదని హజ్రత్ అలీ (రజి) చెప్పుకున్నారు.

ఇక్కడ మూడు పనులు జరిగాయి. భయాన్ని విన్నారు. ధైర్యం ఇచ్చారు. పని చేసే పద్ధతి చెప్పారు. మనలో చాలామంది ఈ మూడింటిలో ఒక్కటీ చేయకుండా, ‘రేపటి నుంచి నువ్వే చూసుకో’ అని చెప్పి వెళ్లిపోతారు. తర్వాత వచ్చి, ‘నీకు చేతకాదు’ అంటారు. సేవకులపై శక్తికి మించిన భారం మోపవద్దని, మోపితే ఆ పనిలో వారికి సాయం చేయమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. బాధ్యత అప్పగించడం అంటే చేతులు దులుపుకోవడం కాదని ఈ ఆదేశం స్పష్టం చేస్తోంది.

తప్పు దిద్దాలి, మనిషిని తీసిపారేయకూడదు

హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) ప్రవక్త (సఅసం) వెనుక నమాజు చేసి, తిరిగి తన వాడకు వెళ్లి అక్కడివారికి ఇమామత్ చేసేవారు. ఒక రాత్రి ఆయన ఇషా నమాజులో బఖరా సూరా అందుకున్నారు. పొలానికి నీళ్లు తోడే ఒంటెలతో పగలంతా శ్రమించి వచ్చిన ఒక శ్రామికుడు అంతసేపు నిలబడలేక, విడిగా నమాజు చేసుకుని వెళ్లిపోయాడు. హజ్రత్ ముఆజ్ (రజి) అతన్ని కపటి అన్నారు. ఆ శ్రామికుడు నేరుగా ప్రవక్త (సఅసం) వద్దకు వెళ్లి మొర పెట్టుకున్నాడు.

ప్రవక్త (సఅసం) హజ్రత్ ముఆజ్ (రజి)ను గట్టిగా మందలించారు. జనాన్ని పరీక్షలో పడేస్తావా అని మూడుసార్లు ప్రశ్నించారు. వెనుక వృద్ధులు, బలహీనులు, పనులున్నవారు నిలబడి ఉంటారని గుర్తుచేసి, చదవవలసిన చిన్న సూరాల పేర్లు కూడా చెప్పారు. శ్రామికుని ఫిర్యాదును తోసిపుచ్చలేదు. తప్పును కప్పిపుచ్చలేదు. అదే సమయంలో, నీవిక పనికిరావంటూ హజ్రత్ ముఆజ్ (రజి)ను దూరం చేయనూ లేదు. కొన్నేళ్ల తర్వాత అదే ముఆజ్ (రజి)ను యమన్‌కు బోధకునిగా, పాలనాధికారిగా పంపారు. అప్పుడు ఆయనకూ, హజ్రత్ అబూమూసా అష్అరీ (రజి)కీ చేసిన ఉపదేశం ఏమిటి? ప్రజలకు సులభం చేయండి, కష్టతరం చేయకండి అన్నదే. పాత పొరపాటు నుంచి నేర్చుకున్న పాఠమే కొత్త పదవికి పెట్టుబడి అయింది.

హజ్రత్ అనస్ (రజి) పదేళ్లు ప్రవక్త (సఅసం) సేవలో ఉన్నారు. ఆ పదేళ్లలో ఒక్కసారి కూడా ఆయన విసుక్కోలేదని, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని నిలదీయలేదని హజ్రత్ అనస్ (రజి) స్వయంగా సాక్ష్యమిచ్చారు. గిరాకీల ముందు కుర్రవాడి తల మీద కొట్టే ఉస్తాదులు, పదిమంది కూర్చున్న సమావేశంలో కింది ఉద్యోగిని కించపరిచే అధికారులు దీన్ని గమనించాలి. అవమానంతో పెరిగినవాడు పని నేర్చుకోవచ్చు. పనితోపాటు అవమానించడం కూడా నేర్చుకుంటాడు. రేపు తన కింది వారికి దాన్నే పంచుతాడు.

ఎక్కించి తాను నడవడం

హజ్రత్ ముఆజ్ (రజి) యమన్‌కు బయలుదేరిన దృశ్యాన్ని ఒక్కసారి ఊహించుకోండి. శిష్యుడు వాహనంపై ఉన్నాడు. దైవప్రవక్త (సఅసం) పక్కనే కాలినడకన నడుస్తూ ఉపదేశిస్తున్నారు. ఈ ఏడాది తర్వాత బహుశా నీవు నన్ను కలుసుకోకపోవచ్చని కూడా చెప్పారు. హజ్రత్ ముఆజ్ (రజి) దుఃఖం ఆపుకోలేకపోయారు.

హిజ్రీ 11లో, అంటే క్రీ.శ. 632లో, ఇదే దృశ్యం మరోసారి కనిపించింది. ప్రవక్త (సఅసం) తన చివరి రోజుల్లో సిరియా దిశగా పంపే సైన్యానికి హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి)ను నాయకునిగా నియమించారు. ఆయన వయసు అప్పటికి పద్దెనిమిది ఇరవై ఏళ్ల మధ్య. విముక్తుడైన బానిస కుమారుడు. ఆయన చేతికింద ముహాజిర్లు, అన్సార్లలోని పెద్దలున్నారు. కొందరు గొణిగారు. అది విని ప్రవక్త (సఅసం) జబ్బుతో ఉండి కూడా, ఇతని తండ్రి నాయకత్వాన్ని కూడా మీరు ఇలాగే ఆక్షేపించారని, అతడూ అర్హుడే, ఇతడూ అర్హుడేనని బహిరంగంగా ప్రకటించారు.

సైన్యం కదలకముందే ప్రవక్త (సఅసం) ఈ లోకం వీడారు. అరేబియా అంతటా తిరుగుబాట్లు తలెత్తాయి. నాయకుణ్ణి మార్చమని, సైన్యాన్ని ఆపమని సలహాలు వచ్చాయి. ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) ఒప్పుకోలేదు. సైన్యాన్ని సాగనంపడానికి స్వయంగా వచ్చారు. హజ్రత్ ఉసామా (రజి) వాహనంపై, ఖలీఫా నేల మీద. మీరైనా ఎక్కండి, లేదా నేనైనా దిగుతానని ఆ యువకుడు బతిమాలాడు. నీవు దిగవద్దు, నేనూ ఎక్కను, దైవమార్గంలో కాసేపు నా కాళ్లకు దుమ్ము అంటితే నష్టమేమిటని ఆయన బదులిచ్చారు.

ఆ తర్వాత జరిగింది మరింత గొప్ప విషయం. హజ్రత్ ఉమర్ (రజి) ఆ సైన్యంలో ఒక సైనికుడు. మదీనాలో ఆయన సలహా ఖలీఫాకు అవసరం. ఖలీఫా ఆజ్ఞాపిస్తే చాలు. కాని ఆయన సైన్యాధిపతి అయిన ఉసామా (రజి)ను అనుమతి అడిగారు. నీకు సమ్మతమైతే ఉమర్‌ను నా వద్ద ఉండనిస్తావా అన్నారు.

సోదరులారా! బాధ్యత అప్పగించి, ఆ తర్వాత సూపర్‌వైజర్‌ను పక్కనపెట్టి అతని కింది పనివారికి నేరుగా హుకుములిచ్చే యజమానులు ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించాలి. పదవి ఇచ్చి గౌరవం ఇవ్వకపోతే ఇచ్చింది పదవి కాదు, పేరు మాత్రమే. తాను నియమించినవాని మాటకు నలుగురి ఎదుట విలువ ఇచ్చినవాడే అతన్ని నాయకుణ్ణి చేస్తాడు.

పెద్దల సభలో చిన్నవాడికి చోటు

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫా అయ్యాక బద్ర్ యోధులైన వృద్ధుల సభలో యువకుడైన హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి)ను కూర్చోబెట్టుకునేవారు. మాకూ ఆ వయసు కొడుకులున్నారు కదా, ఇతడే ఎందుకని పెద్దలు అడిగారు. హజ్రత్ ఉమర్ (రజి) వాదించలేదు. ఒకరోజు అందరినీ పిలిచి నస్ర్ సూరా భావం చెప్పమన్నారు. విజయం లభించినప్పుడు అల్లాహ్‌ను స్తుతించి క్షమాపణ వేడుకోమన్న ఆదేశమని కొందరన్నారు. కొందరు మౌనంగా ఉన్నారు. ఇబ్నె అబ్బాస్ (రజి) మాత్రం, ప్రవక్త (సఅసం) నిర్యాణ సమయం దగ్గరపడిందన్న సూచన అందులో ఉందని చెప్పారు. నాకు తెలిసిందీ అదేనన్నారు హజ్రత్ ఉమర్ (రజి).

చిన్నవాడిని సభలో కూర్చోబెట్టారు, మాట్లాడే అవకాశమిచ్చారు, అతని అర్హతను పెద్దలే గుర్తించేలా చేశారు. మన మస్జిద్ కమిటీల్లో, విద్యాసంస్థల్లో ఇరవై ఐదేళ్ల యువకుడు కనిపిస్తున్నాడా? కనిపిస్తే అతని పని కుర్చీలు వేయడమేనా?

తొందరపాటు కూడా ప్రమాదమే

చోటివ్వడం ఎంత అవసరమో, సమయం రాకముందే గద్దెనెక్కడం అంత ప్రమాదకరం. కూఫా నగరంలో ఇమామ్ అబూహనీఫా (రహ్మలై) బట్టల వ్యాపారి, గొప్ప ధర్మశాస్త్రవేత్త. ఆయన శిష్యుడు అబూయూసుఫ్ (రహ్మలై) పేద ఇంటి బిడ్డ. బిడ్డ చదువుకు కూర్చుంటే ఇల్లు గడవదని ఇంటివారు అతన్ని పాఠం నుంచి లేపి పనికి తీసుకుపోయేవారని, ఇమామ్ గారు తన డబ్బుతో ఆ లోటు తీర్చి చదివించారని చరిత్రకారులు రాశారు.

అబూయూసుఫ్ (రహ్మలై) కొంత నేర్చుకున్నాక విడిగా సొంత సభ ఏర్పాటు చేసుకున్నారు. ఇమామ్ గారు కోప్పడలేదు, నిందించలేదు. ఒక మనిషి చేత ఒక ప్రశ్న పంపించారు. ఒకడు చలువ చేసే పనివానికి కూలి మాట్లాడుకుని బట్ట ఇచ్చాడు. తిరిగి అడిగితే నాకివ్వలేదు పొమ్మన్నాడు ఆ పనివాడు. మళ్లీ అడిగితే చలువ చేసిన బట్ట తెచ్చి ఇచ్చాడు. అతనికి కూలి ఇవ్వాలా, వద్దా? ఇవ్వాలన్నా, వద్దన్నా ఆ మనిషి తప్పంటున్నాడు. అబూయూసుఫ్ (రహ్మలై)కు విషయం అర్థమై గురువు దగ్గరకు వచ్చేశారు. ఇమామ్ గారు చిక్కు విప్పారు. బట్ట ఇవ్వలేదని బుకాయించడానికి ముందే చలువ చేసి ఉంటే అది యజమాని కోసం చేసిన పని, కూలి ఇవ్వాలి. బుకాయించాక చేసి ఉంటే కాజేసి తన కోసం చేసుకున్నాడు, కూలి లేదు.

శిష్యుడు తన లోటు తానే తెలుసుకునేలా చేసిన దిద్దుబాటు ఇది. ఆ శిష్యుడే తర్వాత ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. గురువు హిజ్రీ 150లో మరణించారు. ఆయన విద్య మాత్రం శిష్యుల ద్వారా నేటికీ నిలిచి ఉంది.

‘రేపు నాకే పోటీ వస్తాడు’

ఇంతా విన్నాక ఒక ఉస్తాద్ మనసులో మెదిలే మాట తెలుసు. ‘అన్నీ నేర్పితే రేపు ఎదురుగానే దుకాణం పెట్టుకుంటాడు, నా గిరాకీలను లాక్కుంటాడు.’ ఈ భయం ఊరికే వచ్చింది కాదు. అలా నష్టపోయినవారూ ఉన్నారు. అందుకే రెండు వైపులా ధర్మం చెప్పాలి.

షాగిర్దు కూడా అమానతుదారుడే. ఉస్తాద్ సరుకును, లెక్కలను, గిరాకీల గుట్టును కాపాడటం అతని బాధ్యత. విడిపోయేటప్పుడు ముందుగా చెప్పి, ఒప్పుకున్న పని ముగించి, దువా తీసుకుని వెళ్లాలి. దొంగచాటుగా గిరాకీలను మళ్లించుకోవడం ద్రోహం. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాలేడు.

ఇక ఉస్తాద్ విషయం. ఉపాధి ప్రసాదించేవాడు అల్లాహ్. షాగిర్దు చేతికి హునర్ వచ్చినంత మాత్రాన ఉస్తాద్ పళ్లెంలో రాసిపెట్టిన ముద్ద తరగదు. మనిషి చనిపోయాక అతని కర్మలన్నీ ఆగిపోయినా మూడు మాత్రం ఆగవని హదీసు తెలియజేస్తోంది. నిరంతర దానం, ప్రయోజనం చేకూర్చే విద్య, దువా చేసే సంతానం. ధర్మసమ్మతమైన హునర్‌ను అల్లాహ్ ప్రసన్నత కోరి నేర్పిస్తే, దానితో ఒక కుటుంబం హలాల్ అన్నం తింటున్నంత కాలం ఆ పుణ్యం అందుతుందని ఆశించవచ్చు. గల్లాపెట్టెలో పడే డబ్బుకు లెక్క ఉంది. ఈ రాబడికి లెక్క లేదు.

మరో మాట. నేర్పుతున్నామన్న పేరుతో ఏళ్ల తరబడి జీతం లేకుండా చాకిరీ చేయించుకోవడం శిక్షణ కాదు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇమ్మన్నది ప్రవక్త (సఅసం) ఆదేశం. పని పూర్తిగా తీసుకుని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన తానే ప్రతివాదినని అల్లాహ్ హెచ్చరించినట్లు హదీసు ఉంది. బడి వేళల తర్వాత ఇంటి వృత్తిలో చేసే చిన్నపాటి సాయం వంటి కొన్ని మినహాయింపులు తప్ప, పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడాన్ని మన దేశంలో 2016 నాటి సవరణ చట్టం నిషేధించింది. పిల్లవాడి చేతిలో ముందు పుస్తకం ఉండాలి, తర్వాతే పానా.

ఈ నెల నుంచే మొదలుపెడదాం

మీ కింద పనిచేసే వారిలో శక్తి, నమ్మకం రెండూ ఉన్న ఒకరిని గుర్తించండి. బంధుత్వం చూడకండి. వారంలో ఒకరోజు దుకాణం పూర్తిగా అతనికి అప్పగించండి. కొనుగోలు, అమ్మకం, లెక్క అన్నీ అతనే చూడాలి. సాయంత్రం కూర్చుని, ఏది బాగుందో ముందు చెప్పి, ఏది దిద్దుకోవాలో తర్వాత ఏకాంతంలో చెప్పండి. జీతం, సెలవు, ఎప్పటికి ఏం నేర్పుతారన్నది ముందే మాట్లాడి కాగితం మీద పెట్టండి. ఒప్పందాలను రాసుకోవడం ఖుర్ఆన్ నేర్పిన పద్ధతి.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడర్‌గా ఉన్న సోదరునికీ ఇదే వర్తిస్తుంది. కింది ఉద్యోగి చేసిన పనిని తన పేరు మీద చూపించుకోకుండా, పై అధికారుల ముందు అతన్నే మాట్లాడనివ్వడం అమానత్ నెరవేర్చడమే. టైలరింగ్, జర్దోజీ పని, పాఠశాల నడిపే సోదరీమణులు కూడా ఇందులో వెనుకబడనక్కర లేదు. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కు రాయడం నేర్పిన ఉదంతం మనకుంది. ఒక స్త్రీ మరో స్త్రీకి నేర్పితే ఒక ఇల్లు నిలబడుతుంది. ఇంట్లోనూ అంతే. నెల ఖర్చుల లెక్క ఒకసారి ఎదిగిన కొడుకుకో, కూతురికో అప్పజెప్పి చూడండి.

మనం లేనినాడు మన పని ఆగిపోతే అది మన గొప్పతనానికి నిదర్శనం కాదు, అమానత్ చేరవలసిన చేతికి చేరలేదనడానికి నిదర్శనం. మన వెనుక ఉన్నవారిని వాహనంపైకి ఎక్కించి, వారి పక్కన నాలుగడుగులు నడిచే పెద్ద మనసును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! మన చేతుల్లోని హునర్‌ను మన తర్వాత కూడా ప్రజలకు మేలు చేసేదిగా ఉంచుగాక! ఆమీన్.